కట్ట కట్టే ముందు ఒక్కో పోర్టునూ విడిగా చూశాను

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలకు మాత్రం అదే పీకలదాకా పని ఉండే నెల. వేసవి ముహూర్తాల్లో తీసిందంతా కూర్చి, కత్తిరించి, శ్రావణం లోపు పార్టీలకు అప్పజెప్పాలి. కిందటి ఆషాఢంలో విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక స్టూడియో యజమాని నాకు ఫోన్ చేశారు. మేడమీద ఆరుగురు ఎడిటర్లు. ఫుటేజీ అంతా కింద మెట్ల పక్క గదిలో ఉన్న నాస్‌లో, అంటే అందరూ నెట్‌వర్క్ మీదుగా వాడుకునే డిస్కుల పెట్టెలో ఉంటుంది. నలుగురు ఒకేసారి పనికి కూర్చుంటే వీడియో ఆగి ఆగి కదులుతోందట.

లెక్క వేస్తే కారణం తేలిగ్గానే తెలిసింది. వాళ్ల కెమెరాలు 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాస్తాయి. అంటే దాదాపు 12.5 మెగాబైట్లు. జీలకర్ర బెల్లం ఘట్టాన్ని నాలుగు కెమెరాలతో తీస్తే, ఎడిటర్ ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి కాబట్టి ఒక్క మనిషికే 50 మెగాబైట్లు కావాలి. ఒక గిగాబిట్ లైను మీద కాగితం లెక్కలో 125, చేతికొచ్చేది 110 మెగాబైట్ల చిల్లర. మూడో మనిషి కూర్చునేసరికి లైను నిండిపోతుంది.

"నాస్‌కి వెనక రెండు పోర్టులున్నాయంట. రెండో కేబుల్ కూడా పెట్టి కలిపేస్తే సరిపోద్దంట కదా. గంటలో అయిపోద్ది కదా తమ్ముడూ?" అన్నారాయన.

"కలపడానికి గంట చాలండీ. కలిపే ముందు చూసుకోడానికి ఒక రోజంతా కావాలి" అన్నాను.

ఆయన సరేనన్నారు గానీ, రోజంతా ఎందుకో చెప్పాల్సిన బాధ్యత నాకుంది. మూడేళ్ల క్రితం ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో రెండు స్విచ్‌ల (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెల) మధ్య రెండు కేబుళ్లను ఇలాగే కలిపాను. రెండు లైట్లూ వెలిగాయి, కట్ట నిలబడింది, వచ్చేశాను. మర్నాటి నుంచి ఫిర్యాదులు. కొన్ని కంప్యూటర్లలో రిపోర్టులు చిటికెలో తెరుచుకుంటున్నాయి, కొన్నింట్లో నిమిషం పడుతోంది. విచిత్రం ఏమిటంటే, ఎప్పుడూ అవే కంప్యూటర్లు. వాటిలో విండోస్ మళ్లీ వేశాం, నెట్‌వర్క్ కార్డులు మార్చాం. రెండు వారాలు పోయాక తెలిసింది, కట్టలోని రెండు కేబుళ్లలో ఒకటి మొదటి నుంచీ చెడ్డదేనని.

ఇలా కేబుళ్లను కలిపి ఒకే కట్టగా వాడటాన్ని లింక్ అగ్రిగేషన్ అంటారు. అది పనిచేసే తీరులోనే ఈ చిక్కు ఉంది. స్విచ్ ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, ఒకటి ఈ లైనుకు, ఒకటి ఆ లైనుకు అని వంతులవారీగా పంచదు. అలా పంచితే ప్యాకెట్లు వరస తప్పి చేరతాయి. అందుకని పంపేవాడి చిరునామా, అందుకునేవాడి చిరునామా లాంటివి తీసుకుని ఒక లెక్క కడుతుంది. ఆ లెక్కను హాష్ అంటారు. ఆ లెక్క ఏ లైను చెబితే ఆ ఇద్దరి మధ్య మాటలన్నీ ఆ లైను మీదే. మంచి లైను పడ్డవాళ్లకు ఏ బాధా ఉండదు. చెడ్డ లైను పడ్డవాళ్లు రోజూ బాధపడతారు. కట్టెల మోపులో పుచ్చిన కట్టె పైకి కనపడనట్టు, కట్ట కట్టాక చెడ్డ లైను దాక్కుంటుంది. విడిగా ఉన్నప్పుడైతే అరగంటలో దొరికేది. ఆ సెంటర్లో పేషెంట్లు రిపోర్టుల కోసం కుర్చీల్లో ఎదురుచూస్తుండటం చూశాను కాబట్టి, అప్పటి నుంచి పోర్టులు చూడకుండా కట్ట కట్టలేదు.

పని మొదలుపెట్టే ముందే యజమానికి ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాను. రెండు లైన్లు కలిపినంత మాత్రాన ఒక్క మనిషి చేసే కాపీ వేగం రెట్టింపు కాదు. ఒక్కడికి ఆ 110 దాటదు. ఆరుగురు కలిసి పనిచేసేటప్పుడే లాభం. అది ఆయనకు కావలసిందే కాబట్టి ముందుకు వెళ్లాం.

అక్కడి ఏర్పాటు ఇదీ. కింద గదిలో 24 పోర్టుల సిస్కో కేటలిస్ట్ 2960ఎస్ స్విచ్. మేడమీద అలాంటిదే ఇంకొకటి. రెండింటి మధ్యా భవనం కట్టిన నాడే రెండు కేబుళ్లు వేసి ఉంచారు, వాడుకలో ఉన్నది ఒకటే. నాస్ నుంచి కింద స్విచ్‌కి ఒక కేబుల్. నాస్ దగ్గర రెండు, మేడకు రెండు, మొత్తం నాలుగు కేబుళ్లు, ఎనిమిది చివరలు. నాస్ దగ్గర మాత్రమే కలిపి మేడకు ఒక్క లైనే ఉంచితే ఉపయోగం లేదు. నీళ్లు ట్యాంకులోకి ఎంత వచ్చినా, పైకి వెళ్లే గొట్టం సన్నగానే ఉంటుంది కదా.

ఆదివారం పొద్దున్నే ఎడిటర్లు లేని సమయంలో లాప్‌టాప్, దాన్ని నేరుగా స్విచ్‌కే కలిపే కన్సోల్ కేబుల్ పట్టుకుని కూర్చున్నాను. పని చేయబోయే పోర్టుల మీదుగానే స్విచ్‌లోకి వెళ్లడం కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే. అందుకే ఎప్పుడూ కన్సోల్. మొదట రెండు స్విచ్‌ల కాన్ఫిగరేషన్ కాపీ తీసి పెట్టుకున్నాను.

షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ అనే కమాండ్ కొడితే నాస్ 13వ పోర్టులో ఉంది. దాని పక్కది, 14, నాట్ కనెక్ట్ అని చూపిస్తోంది. ఖాళీ అనుకుని చాలామంది అక్కడే కేబుల్ పెట్టేస్తారు. నేను ఆ పోర్టు లెక్కలు తెరిచి చూశాను. స్విచ్ ఆన్ అయి 200 రోజులు దాటింది, 14లో లోపలికి వచ్చిన ప్యాకెట్లు లక్షల్లో ఉన్నాయి. ఖాళీ పోర్టులోకి ప్యాకెట్లు ఎలా వస్తాయి? వైరు పట్టుకుని పోతే పక్క గదిలో ఆల్బమ్ ప్రింటర్ తేలింది. ప్రింటింగ్ ఉన్న రోజుల్లోనే దాన్ని ఆన్ చేస్తారట. 15లో మాత్రం అన్నీ సున్నాలు, కేబులూ లేదు. కట్టలో పోర్టులు పక్కపక్కనే ఉండాలన్న నియమమేమీ లేదు. 13, 15 ఖాయం చేసుకున్నాను. మేడకు వెళ్లేవి రెండు చివరలా 23, 24.

ప్యాచ్ ప్యానెల్ (గోడల్లోంచి వచ్చిన కేబుళ్ల చివరలు బిగించే పలక) మీద రాసిన నంబర్లను నేను నమ్మను. సిరా వెలిసిన స్టిక్కర్లు ఎవరెప్పుడు అంటించారో ఎవరికీ గుర్తుండదు. వాడుకలో ఉన్న 23కు అవతల ఏముందో ఎల్‌ఎల్‌డీపీ నైబర్స్ (అవతలి పరికరం తన గురించి తానే చెప్పుకునే జాబితా) చెప్పింది, మేడమీద స్విచ్‌లో 23వ పోర్టు. వాడకుండా ఉన్న కేబుల్‌ను రెండు చివరలా 24లో పెట్టాను. కొద్దిసేపటికి ఒక చివర లైటు నారింజ రంగుకి మారి అలాగే ఉండిపోయింది. అది లోపం కాదు. రెండు స్విచ్‌ల మధ్య రెండు దారులు కనపడితే చక్రం ఏర్పడకుండా స్పానింగ్ ట్రీ ఒకదాన్ని ఆపేస్తుంది. అలా ఆపిందంటే రెండు కేబుళ్లూ నిజంగా అవే రెండు స్విచ్‌ల మధ్య ఉన్నాయని సాక్ష్యం కూడా దొరికినట్టే.

అసలు లోపం స్టేటస్ జాబితాలో వేగం గడిలో కనపడింది. 23 దగ్గర వేగం ఏ-1000 అని ఉంది, అంటే 1000 మెగాబిట్లు, ఒక గిగాబిట్. 24 దగ్గర ఏ-100. లైటు వెలుగుతోంది, పోర్టు కనెక్టెడ్ అంటోంది, వేగం మాత్రం పదో వంతు. దీన్ని చూడకుండా కట్ట కట్టి ఉంటే వేగాలు కలవక ఆ పోర్టు కట్టలో చేరేదే కాదు. రెండో కేబుల్ వేశామన్న తృప్తి మిగిలేది, పని ఒక్క కేబులే చేసేది.

గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. కాబట్టి గిగాబిట్ రావాల్సిన చోట 100 వచ్చిందంటే మిగిలిన రెండు జతల్లో ఏదో తెగిందని మొదట అనుమానించాలి. ఈ స్విచ్‌లలో టీడీఆర్ అనే పరీక్ష ఉంది. తీగలోకి చిన్న స్పందన పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో చెబుతుంది. పరీక్ష నడిచే కాసేపు ఆ పోర్టు ఆగిపోతుంది కాబట్టి పని వేళల్లో చేయకూడదు. 24 మీద నడిపాను. మూడు జతలు నార్మల్, సీ జత ఓపెన్, దూరం 11 మీటర్లు. సీ జత అంటే 4, 5 పిన్నులు, నీలం తీగలు.

టేపు పట్టుకుని కింద గది నుంచి 11 మీటర్లు కొలుచుకుంటూ పోతే రిసెప్షన్ మీద ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగాను. స్టూడియోకి ఎప్పుడూ వచ్చే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. ఆయన పలక తీసి టార్చ్ వేసి చూసి, "ఏసీ గొట్టం క్లాంపు కొట్టారు కదా బాబూ, ఆ స్క్రూ తిన్నగా నీ వైరులోంచే పోయింది" అన్నాడు. నల్ల తొడుగు మీద చిన్న రంధ్రం తప్ప బయటికి ఏమీ కనపడలేదు.

"అక్కడే కోసి అతుకు వేద్దామా?" అన్నాడు.

"వద్దు బాబాయ్. కొత్తది లాగుదాం" అన్నాను. అతుకు వేస్తే ఇవాళ పనిచేస్తుంది, కానీ ఆ గదిలో ఏసీ చెమ్మ ఉంటుంది. మళ్లీ పలక విప్పేది ఎవరు? పాత వైరుకే కొత్త క్యాట్-6 కట్టి లాగితే గంటన్నరలో అయిపోయింది. మళ్లీ పెట్టి చూస్తే ఏ-1000, నాలుగు జతలూ నార్మల్.

వేగం సరిగ్గా చూపిస్తే లైను బాగున్నట్టు కాదు. బరువు మోస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. నేను చేసేది ఏమిటంటే, పోర్టు లెక్కలన్నీ సున్నా చేసి, ఐపెర్ఫ్3 అనే వేగ పరీక్ష ప్రోగ్రాముతో ఒక్కో లైను మీదా పది నిమిషాలు ఒక దిక్కుకి, పది నిమిషాలు రెండో దిక్కుకి డేటా పోసి, అయ్యాక తప్పుల లెక్క చూస్తాను. ఒకదాన్ని పరీక్షించేటప్పుడు జతదాన్ని పీకేయాలి, లేకపోతే దేన్ని పరీక్షిస్తున్నామో మనకే తెలియదు. సున్నా చేయడం ఎందుకంటే, 23లో అప్పటికే వెయ్యికి పైగా సీఆర్‌సీ తప్పులు, అంటే దారిలో పాడై చేరిన ప్యాకెట్లు, కనపడుతున్నాయి. చూడగానే గుండె ఝల్లుమంటుంది. కానీ అవి 200 రోజుల కింద వచ్చినవో నిన్న వచ్చినవో ఆ అంకె చెప్పదు. సున్నా చేసి ఇరవై నిమిషాలు పోశాక ఒక్క తప్పు కూడా పెరగలేదు. ఎప్పుడో వైరు కదిలినప్పటి పాత బాకీ అది. 24 కూడా శుభ్రంగా ఉంది. రెండూ 940 మెగాబిట్ల దగ్గర నిలకడగా నడిచాయి.

13 బాగుంది. 15 దగ్గర వేగం 900కి అటూ ఇటూ ఊగింది, మొదటి పది నిమిషాలకే 212 సీఆర్‌సీ తప్పులు. దీని దగ్గర కొంచెం నిదానించాలి. తొందరపడి పోర్టు, కేబుల్ రెండూ ఒకేసారి మారిస్తే తప్పులు పోతాయి, కానీ దోషం దేనిదో తెలియదు. అదే కేబుల్‌ను 17లో పెట్టాను. తప్పులు దాని వెంటే వచ్చాయి. అంటే పోర్టు మంచిదే. కేబుల్ మార్చి 15లోనే పెట్టాను. తప్పులు ఆగాయి. ఆ కేబుల్ వాళ్లు కొత్తగా కొన్న ప్యాచ్ కార్డ్ (రెడీమేడ్ పొట్టి కేబుల్), కవరు ఆ పొద్దున్నే చించాం. ఒక చివర కోసి తీగను బ్లేడుతో గీకితే పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. రాగి ధర చూసి ఇలాంటివి బజారులో చాలా తిరుగుతున్నాయి. తూకానికి తేలిగ్గా ఉంటాయి, రెండు మూడుసార్లు వంచితే తీగ తెగుతుంది. అప్పటి నుంచి నా సంచిలో నేను పరీక్షించిన కార్డులు అర డజను ఎప్పుడూ ఉంటున్నాయి.

పోర్టుల లోపలికి కూడా టార్చ్ వేసి చూశాను. మేడమీద స్విచ్ ఏసీ కింద ఉంది. వాడని పోర్టుల్లో రెండింటి పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. మన 23, 24లకు లేదు గానీ, స్విచ్‌ను గోడకు రెండో వైపు మార్చమని చెప్పి మార్పించాను.

భోజనాలయ్యాక సెట్టింగులు. కట్టలో చేరే పోర్టులు కవలల్లా ఉండాలి. వేగం, డ్యూప్లెక్స్, యాక్సెస్ పోర్టా ట్రంకా, నేటివ్ వీలాన్, అనుమతించిన వీలాన్ల జాబితా, ఇవన్నీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. వీలాన్ అంటే అదే స్విచ్‌లో వేరుగా నడిచే నెట్‌వర్క్. యాక్సెస్ పోర్టు ఒక్క వీలాన్‌నే మోస్తుంది, ట్రంక్ చాలావాటిని మోస్తుంది. 23 ట్రంక్, దాని మీద ఎడిటింగ్‌కు ఒక వీలాన్, సీసీ కెమెరాలకు ఒకటి నడుస్తున్నాయి. 24 ఏ అమరికా లేని పోర్టు. ఇక 15 మీద ఎవరో ఎప్పుడో పోర్ట్ సెక్యూరిటీ పెట్టి ఒక్క మ్యాక్ అడ్రస్‌కే, అంటే ఒక్క పరికరం చిరునామాకే, అనుమతి ఇచ్చారు. అది అలాగే ఉండి ఉంటే ఇంకో తలనొప్పి. పాత సెట్టింగుల మీద కొత్తవి రాయడం కన్నా డిఫాల్ట్ ఇంటర్‌ఫేస్ కొట్టి పలక కడిగి మొదటి నుంచి రాయడం మేలు. నాస్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 9000 అని పెట్టి ఉంది, స్విచ్‌లు, ఎడిటర్ల కంప్యూటర్లు 1500 మీద ఉన్నాయి. దాన్నీ 1500కి తెచ్చాను.

మాటల దగ్గర ఒక హెచ్చరిక. సిస్కో వాళ్లు ట్రంక్ అంటే చాలా వీలాన్లు మోసే లైను. హెచ్‌పీ ప్రోకర్వ్ స్విచ్‌లలో ట్రంక్ అంటే కలిపి కట్టిన కట్ట. నాస్‌లో అదే బాండ్. సిస్కోలో ఈథర్‌చానెల్. ఈ ఈథర్‌చానెల్ సిస్కో సొంత సంతానం కాదు. 1990లో మొదటి ఈథర్నెట్ స్విచ్‌ను తెచ్చిన కల్పన అనే కంపెనీది. 1994లో ఆ కంపెనీని సిస్కో కొనేసింది. మన పక్కింటి అమ్మాయి పేరులాంటి ఆ పేరు ఈ పనిలో ఉన్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు, నాకు తలచుకున్నప్పుడల్లా ముచ్చటేస్తుంది. అందరి పరికరాలకూ ఒకే ప్రమాణం 2000లో 802.3ఏడీగా వచ్చింది. 2008లో దాన్ని 802.1ఏఎక్స్ కిందికి మార్చారు. అందులోని ఒప్పంద పద్ధతే ఎల్‌ఏసీపీ.

నేను రెండు చివరలా ఎల్‌ఏసీపీ యాక్టివ్ పెడతాను. రెండు వైపులా పాసివ్ పెడితే ముందు నువ్వంటే ముందు నువ్వని ఎవరూ మాట్లాడరు, కట్ట ఏర్పడదు. ఒప్పందం లేకుండా ఆన్ అని బలవంతంగా కట్టే దారి కూడా ఉంది. అవతలివాడు సిద్ధంగా ఉన్నాడో లేదో చూడకుండా పంపడం మొదలెడుతుంది కాబట్టి, ఒక వైపు పెట్టి రెండో వైపు మరిచిపోతే నెట్‌వర్కే కూలబడవచ్చు. నాలుగు కేబుళ్లూ పీకి, పైకీ కిందికీ మెట్లెక్కి దిగుతూ రెండు చోట్లా కన్సోల్‌తోనే రాశాను. నాస్‌లో బాండ్ చేసి, చివరికి ఒక్కో కేబులే పెట్టాను. షో ఈథర్‌చానెల్ సమ్మరీలో నాలుగు పోర్టుల పక్కనా పీ అని వచ్చింది. అంటే కట్టలో చేరినట్టు. మొదటి ప్రయత్నంలోనే, ఒక్క నిమిషంలో. పొద్దుటి నుంచి పడ్డ శ్రమకు అక్కడ ఫలితం దక్కింది.

సాయంత్రం యజమాని ఇద్దరు ముగ్గురు ఎడిటర్లను పిలిచారు. ఆరు కంప్యూటర్లలోనూ ఒకేసారి పెద్ద ఫైళ్లు కాపీ పెట్టాం. మొత్తం కలిపి చూస్తే 112 మెగాబైట్లు. అంటే పాత వేగమే.

"మారలేదేంటి అన్నయ్యా?" అంది ఒక ఎడిటర్ అమ్మాయి.

పోర్టులు చూడకుండా వచ్చి ఉంటే ఆ క్షణంలో కేబుళ్ల మీద, నాస్ మీద, స్విచ్ మీద అన్నిటి మీదా అనుమానం పడేది. ఇప్పుడు వాటిలో దేని మీదా అనుమానం లేదు. నాలుగు లైన్లూ 940 మోయగలవని కాగితం మీద రాసి ఉంది. మిగిలింది పంచే లెక్క ఒక్కటే. కింద స్విచ్‌లో పోర్టుల వారీగా చూస్తే నాస్ నుంచి 13, 15 రెండింట్లోనూ డేటా వస్తోంది. పైకి మాత్రం అంతా 23లోనే పోతోంది, 24 ఖాళీ.

2960ఎస్ మామూలుగా హాష్‌కు పంపేవాడి మ్యాక్ అడ్రస్ ఒక్కటే తీసుకుంటుంది. మేడమీదికి పోయే ఫుటేజీ అంతా పంపేది ఎవరు? నాస్ ఒక్కటే. బాండ్ చేశాక దానికి ఉన్నది ఒకే మ్యాక్. ఒకే చిరునామాతో ఎన్నిసార్లు లెక్క కట్టినా జవాబు ఒకటే వస్తుంది, లైనూ ఒకటే పడుతుంది. లెక్కను పంపేవాడి ఐపీ, అందుకునేవాడి ఐపీ రెండూ కలిపి కట్టేలా మార్చాను. ఆ ఒక్క వరసతో మొత్తం 170 దాటింది. పోర్టులవారీగా చూస్తే నలుగురు ఒక లైను మీద, ఇద్దరు రెండోదాని మీద పడ్డారు. ఒక కంప్యూటర్ ఐపీ చివరి అంకె మార్చాక ముగ్గురూ ముగ్గురూ అయ్యారు. మొత్తం 210 మెగాబైట్ల చుట్టూ నిలిచింది.

ఆఖరి పరీక్ష తెంపి చూడటం. కాపీలు నడుస్తుండగానే 23 పీకేశాను. ఒక్క క్షణం తడబడి, మూడు కాపీలూ 24 మీదికి వచ్చి చేరాయి, ఏదీ ఆగలేదు. మళ్లీ పెట్టి, 24 పీకి చూశాను. నాస్ వైపు కూడా అంతే.

ర్యాక్ తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి వచ్చాను. నాలుగు లైన్ల పోర్టు నంబర్లు, టీడీఆర్ చూపిన పొడవులు, విడివిడిగా వచ్చిన వేగాలు, తప్పుల లెక్క సున్నా చేసిన తేదీ. శ్రావణం ముహూర్తాలు అయ్యాక ఆ దారిన పోతూ ఆగి, కన్సోల్ పెట్టి చూశాను. 13, 15, 23, 24 నాలుగింట్లోనూ సీఆర్‌సీ సున్నా. తేదీ వేసి, కాగితంలో కింద ఇంకో వరస రాశాను.